గోడ మీద గీత



ముందుగా ఒక మాట అడుగుతాను. మీ ఇంట్లో పాలవాడి లెక్క ఎలా ఉంచేవారు? మా అమ్మయితే వంటింటి గోడమీద బొగ్గుముక్కతో గీతలు గీసేది. పూటకో గీత. పాలు రాని పూట సున్నా. నెలాఖరుకి పాలాయన వచ్చి గుమ్మంలో కూచునేవాడు. "ఇదేటమ్మా, ఇరవయ్యెనిమిది రోజులే ఏస్తన్నావు? నాను రోజూ వొచ్చినాను గదా!" అనేవాడు. అమ్మ మాట్లాడేది కాదు. గోడవైపు చెయ్యి చూపించేది. తగువు అక్కడితో తెగిపోయేది.

ఈ పూట నేను చెప్పబోయేది ఆ గీత గురించే. అయితే ఇది పాల లెక్క కాదు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తాతల కాలం నుంచి మన చేతికొచ్చినవి కొన్ని ఉన్నాయి. గుళ్ళు, స్తూపాలు, నేత, వీణ, పండగ, పాట. వాతావరణం మారుతున్న ఈ రోజుల్లో వాటికేమవుతోందో తెలుసుకోవాలంటే మనకి గీతలు కావాలి. సమస్యేమిటంటే, మన గోడమీద గీతలు లేవు.

ఆలోచించి చూడండి. రచ్చబండ దగ్గర ఎవరిని కదిపినా ఒకటే మాట. "మా చిన్నప్పుడు ఇలాంటి ఎండల్లేవు. వానలు కాలం తప్పిపోయాయి. సముద్రం ముందుకొచ్చేసింది." నిజమే కావచ్చు. కానీ ఎంత ముందుకొచ్చింది? ఏ ఏడాది నుంచి? అప్పుడు ఎక్కడిదాకా ఉండేది? ఇలా అడిగితే నోట మాట రాదు. పాలాయనలాగా వాదిస్తాం తప్ప, గోడవైపు చూపించలేం.

తుపానుల సంగతే తీసుకోండి. 2013 అక్టోబరు 12న పైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12నే, హుద్‌హుద్ విశాఖ దగ్గర దాటింది. విజయనగరం జిల్లాలో చెట్టూ చేమా నేలమట్టమయ్యాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర ఒడ్డుకొచ్చింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు ఒక్క పూటలో పోయాయి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి ఉత్తరాన దాటింది. ఈ తేదీలు నేనెలా చెప్పగలుగుతున్నాను? వాతావరణ శాఖవాళ్ళు రాసిపెట్టారు కనక. తుపానుకి రికార్డు ఉంది. మరి ఆ తుపాను మన ఊరి గుడి గోపురానికి ఏం చేసింది, మన పాత కోటగోడలో ఎన్ని ఇటుకలు రాల్చింది, దానికి రికార్డు ఏదీ?

నా ఇంటి కథ ఒకటి చెప్తాను. ఇందులో తప్పు నాదే కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను.

మాది వంశధార ఒడ్డున ఊరు. ముఖలింగానికి దిగువన, కళింగపట్నానికి ఎగువన. 1980లో వంశధారకి పెద్ద వరదొచ్చింది. మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ వయసు చెప్పేటప్పుడు "ఎనభై వరదకి నా పెద్దకొడుకు చంకలో ఉన్నాడు" అంటారు. ఆ వరదలో మా ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. నీళ్ళు తీశాక, గోడమీద బురద చార మిగిలింది. మా తాత ఒక మేకు తీసుకుని, ఆ చార వెంబడే గోడమీద గీత గీశాడు. పక్కన ఏడాది చెక్కాడు. ఏటా సున్నం వేసినా ఆ గీత సన్నగా కనిపిస్తూనే ఉండేది. పిల్లలం దాని పక్కన నిలబడి, నా తల మునిగేదంటే నా తల మునిగేదని కొట్టుకునేవాళ్ళం.

2016లో మా అమ్మాయి పెళ్ళి. ఇంటికి రంగులు వేయించాం. మేస్త్రీ వచ్చి, "గోడలు గరుగ్గా ఉన్నాయి బాబూ, పుట్టీ పెడితే అద్దంలా ఉంటాది" అన్నాడు. పెట్టమన్నాను. అద్దంలాగే వచ్చింది. తాత గీత పుట్టీ కింద పడిపోయింది. ఆ సంగతి నాకు తోచనైనా లేదు.

రెండేళ్ళకి తిత్లీ. మళ్ళీ వంశధార పొంగింది. మళ్ళీ ఇంట్లోకి నీళ్ళు. నీళ్ళు తీశాక, పక్కింటి మావయ్యకీ ఆయన తమ్ముడికీ వాదన. "ఎనభై వరద ముందు ఇదేటి? ఇది పిల్ల వరద" అని అన్న. "నీకేటి తెలుసు, అప్పుడు నువ్వు మీ అత్తోరింటికాడ ఉన్నావు, ఇదే పెద్దది" అని తమ్ముడు. ఇద్దరూ నావైపు తిరిగారు. "మీ తాత గీసిన గీత ఉండాల గదా, చూపించు" అన్నారు. నేను తల దించుకున్నాను. ఈ కథ ఇంకా ఉంది. చివర్లో చెప్తాను.

ఇప్పుడు శ్రీకూర్మం వెళ్దాం. గార మండలంలో ఉంది. కూర్మనాథుడి గుడి మండపాల గోడలమీద పాత రంగుల బొమ్మలున్నాయి. మీరు వెళ్ళే ఉంటారు. చాలా చోట్ల రంగు వెలిసిపోయింది, పెచ్చులూడిపోయింది. ఎందుకూడుతోంది? మీ ఇంట్లోనే జవాబుంది. పెరటి గోడ అడుగుభాగం చూడండి. తెల్లగా పిండిలాంటిది పూసి ఉంటుంది. వేలితో రాస్తే రాలుతుంది. నాలికమీద వేసుకుంటే ఉప్పగా ఉంటుంది. గోడకి చవుడెక్కింది అంటాం.

అదెలా ఎక్కుతుంది? ప్రమిదలో వత్తి నూనె పీల్చినట్టు, గోడ నేలలో నీటిని పైకి పీలుస్తుంది. ఆ నీటిలో ఉప్పుంటుంది. సముద్రం దగ్గర ఊళ్ళలో గాలిలోనూ ఉప్పుంటుంది. ఎండ కాయగానే నీరు ఎగిరిపోతుంది. ఉప్పు గోడలోనే ఉండిపోతుంది. ఉండిపోయి ఊరుకోదు. గట్టిపడి, పలుకులు కట్టి, లోపల్నుంచి గోడని తోస్తుంది. దోసెల పిండి పులిసి గిన్నెమీద మూతని తోసెయ్యడం చూశారు కదా, అలాగ. మళ్ళీ వాన పడితే ఆ ఉప్పు కరుగుతుంది. మళ్ళీ ఎండకి గడ్డకడుతుంది. తడి, పొడి. తడి, పొడి. ఒక్కో తిరుగుడికి రంగు ఒక్కో పొర లేస్తుంది.

ఇక్కడ వాతావరణం మార్పు ఎలా కలుస్తుందో చూడండి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే, అది మోసుకుపోగల తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది. పెద్ద తువ్వాలు ఎక్కువ నీళ్ళు పీల్చినట్టన్న మాట. పిండితే ఎక్కువే కారుతుంది. అందుకే వాన పడితే కుండపోత. ఆ వెంటనే మాడ్చేసే ఎండ. అంటే తడి, పొడి అనే ఆ తిరుగుళ్ళు గోడకి మరింత కఠినమవుతాయి. మన ముత్తాతల కాలంలో ఆ బొమ్మలు తట్టుకున్న వాన వేరు, ఇప్పుడు తట్టుకోవలసిన వాన వేరు.

అలాగని పాపం మొత్తం వాతావరణం నెత్తిన రుద్దెయ్యకండి. ఇది నేను గట్టిగా చెప్పదలుచుకున్న మాట. ఇప్పుడేది పాడైనా వాతావరణం మీద తోసెయ్యడం ఒక సుఖమైపోయింది. పాత గుడి గోడకి సున్నం బదులు సిమెంటు పూస్తే, లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక గోడ కుళ్ళుతుంది. శాసనాలున్న రాతికి ఎనామిల్ రంగు కొడతాం. నదిలో ఇసుక తవ్వి ఒడ్డు కోతకి మనమే దారి చేస్తాం. ఇందులో ఎండావానా చేసిందెంత, మనం చేసిందెంత? విడదీసి చెప్పాలంటే ఏం కావాలి? ఏటా ఒక గీత కావాలి. సిమెంటు పూసిన ఏడాది నుంచి పెచ్చులూడడం ఎక్కువైందని గీత చెప్తుంది. మన నోటిమాట చెప్పలేదు.

అదే గార మండలంలో శాలిహుండం ఉంది. వంశధార ఒడ్డున కొండమీద ఇటుక స్తూపాలు, చైత్యాలు. శాలివాటిక, అంటే ధాన్యపు చోటు అనే మాట నుంచి ఆ పేరొచ్చిందని కొందరంటారు. శల్యపేటిక, అంటే అస్థికల పెట్టె అనేదాన్నుంచి వచ్చిందని ఇంకొందరంటారు. ఆ కొండమీద నిలబడితే కింద నది, దూరాన సముద్రం. ఒకప్పటి ఓడరేవు కళింగపట్నం అక్కడే. ఇటుక, నది, సముద్రం, మూడూ ఒక్క చూపులో అందుతాయి. వాతావరణం మార్పు గురించి పాఠం చెప్పడానికి ఇంతకన్నా మంచి తరగతి గది నాకు తెలీదు.

ఆ కొండ సంగతి 1919లో లోకానికి చెప్పిందెవరో తెలుసా? గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన్ని మనం వ్యావహారిక భాష కోసం తలుచుకుంటాం. ఇవాళ నేను రేడియోలో మీతో "వచ్చుచున్నది" అనకుండా "వస్తోంది" అంటున్నానంటే ఆయన పుణ్యమే. కానీ ఆయనలో ఇంకో మనిషి ఉన్నాడు. 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో బడిపంతులు. పురావస్తు శాఖ ఉద్యోగి కారు. ముఖలింగం గుడిలో శాసనాలు కనిపిస్తే, పుస్తకం పక్కన పెట్టుకుని పాత లిపి తనంతట తనే నేర్చుకుని చదివారు. గాంగ రాజుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించి చెప్పారు. సవర గిరిజనుల మధ్యకి వెళ్ళి వాళ్ళ భాష నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువు రాశారు. శాలిహుండంలో లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపించారు. ఆ తరవాత 1950ల్లో ఆర్. సుబ్రహ్మణ్యం పెద్ద ఎత్తున తవ్వించారు. కానీ మొదట చూసి, రాసి, చెప్పినవాడు ఒక బడిపంతులు. పరిశోధన అంటే తెల్లకోటూ, గాజు గొట్టాలూ అనుకుంటాం. మన గడ్డమీద అది చెప్పులేసుకుని నడిచి వెళ్ళి, చూసింది కాగితం మీద పెట్టడంతో మొదలైంది.

రాయీ ఇటుకా అయితే కంటికి కనపడతాయి. చేతిపనిలో ఉన్న వారసత్వం మరీ సున్నితం. పొందూరు తీసుకోండి.

పొందూరు ఖద్దరు అనగానే సన్నటి పంచె గుర్తొస్తుంది. గాంధీగారు ఆ నేత గురించి విని, తన కొడుకు దేవదాసుని పంపి చూసి రమ్మన్నారు. 1949లో అక్కడ ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. అదంతా సరే. నేను చెప్పేది ఒక చేప గురించి. వాలుగ చేప.

పొందూరులో ఒక పెద్దావిడ దూది శుభ్రం చేస్తుంటే పక్కన కూచుని చూశాను. ఆవిడ చేతిలో వాలుగ చేప దవడ ఎముక. దానికి వరసలు వరసలుగా సూదుల్లాంటి సన్నటి పళ్ళు. గింజతో ఉన్న పత్తిని ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో ఆ దవడతో దువ్వుతోంది. అమ్మ పిల్ల తలకి పేలదువ్వెన పెట్టినట్టు. నలక, పొట్టు, ఎండాకు తునక, అన్నీ ఆ పళ్ళలో చిక్కుకుంటున్నాయి. దూది పోగులు మాత్రం తెగకుండా, ఒకే వైపుకి తిరిగి, పట్టులా పడుకుంటున్నాయి. ఇనప దువ్వెనతో చెయ్యకూడదా అని అడిగాను. ఆవిడ నన్ను జాలిగా చూసింది. "ఇనుము కోసీసిద్ది బాబూ. ఇది నిమురుద్ది" అంది. తరవాత గింజ తీస్తారు. దూది ఏకుతారు. ఏకులు చుట్టి అరటి దొప్పలో ఉంచుకుని, రాట్నం మీద వడుకుతారు. అలా వందో నంబరు నూలు వస్తుంది.

ఇప్పుడు ఆ గొలుసు చూడండి. పత్తి కావాలి. మామూలు పత్తి కాదు, కొండపత్తి, ఎర్రపత్తి. అవి వానని నమ్ముకున్న పంటలు. కాయ పగిలే వేళకి అకాలవాన పడితే దూది నల్లబడుతుంది. చేప కావాలి. వాలుగ మంచినీటి చేప. వాగులు, చెరువులు బాగుంటేనే పెద్దదవుతుంది. ప్రపంచమంతటా ఏ జీవి ఎంత ముప్పులో ఉందో చూసే ఎర్రజాబితాలో ఈ వాలుగ పేరు కూడా ఎక్కింది. గాలి కూడా కావాలి. మరీ తేమగా ఉంటే దూది ముద్దకడుతుంది, మరీ పొడిగా ఉంటే పోగు తెగుతుంది. అంటే ఒక పంచెలో వాన ఉంది, వాగు ఉంది, గాలి ఉంది. ఇందులో ఏది తప్పినా పంచె తప్పుతుంది. మ్యూజియంలో అద్దాల బీరువాలో పంచె దాచుకోవచ్చు. ఆ దువ్వడాన్ని దాచుకోలేం.

బొబ్బిలి వీణ కూడా అంతే. గొల్లపల్లి కళాకారులు ఒకే పనసమాను తొలిచి ఏకాండ వీణ చేస్తారు. వీణకి పనికొచ్చే మాను కావాలంటే పనసచెట్టు దశాబ్దాలు నిలబడాలి. తుపాను దాన్ని పడగొట్టడానికి గంట చాలు. విజయనగరం పైడితల్లి అమ్మవారి జాతరలో ఊరేగించే సిరిమాను చింతమాను. చెట్టెక్కడుందో అమ్మవారు పూజారికి కలలో చెప్తుందని నమ్మకం. కలలో చెప్పడానికైనా చెట్టంటూ ఉండాలి కదండీ.

మన పండగల్లో ఒక చమత్కారం ఉంది. సీతంపేట కొండల్లో, ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లా, సవరలు, జాతాపులు కందికొత్తల పండగ చేస్తారు. కొత్త కంది చేతికొచ్చాక, పండగ చేసి పెద్దలకీ దేవతలకీ పెట్టాకే నోట పెట్టుకోవాలి. ఈ పండగ తేదీ పంచాంగంలో ఉండదు. కంది ఎప్పుడు చేతికొస్తే అప్పుడు ఊరు కూచుని నిర్ణయించుకుంటుంది. అంటే ఏమిటన్నమాట? ఆ ఊరి పండగ తేదీ ఆ ఏటి వానకీ, చలికీ, ఎండకీ జవాబు. పోయినేడు ఏ రోజున చేశారు? దానికి ముందేడు? యాభై ఏళ్ళ తేదీలు ఎవరైనా వరసగా రాసి ఉంచితే, అది ఏ యంత్రమూ ఇవ్వలేని లెక్క.

నేనేదో ఊహించి చెప్తున్నానని అనుకోకండి. జపాన్లో క్యోటో అనే పాత రాజధాని ఉంది. అక్కడ వసంతకాలంలో చెర్రీ పూలు విచ్చితే పండగ. రాజులు, దొరలు, సన్యాసులు పూలు చూడ్డానికి వెళ్ళి, ఇవాళ పూలు చూశాం అని దినచర్య పుస్తకాల్లో రాసుకునేవారు. వాతావరణం కోసం రాయలేదు. ముచ్చటకి రాసుకున్నారు. యసుయుకి అయోనో అనే ప్రొఫెసరు ఆ పాత దినచర్యలన్నీ తిరగేసి తేదీలు ఏరారు. మొదటి తేదీ క్రీ.శ. 812 నాటిది. అలా పన్నెండు వందల ఏళ్ళ లెక్క వచ్చింది. 2021లో మార్చి 26కే పూలు పూర్తిగా విరిశాయి. అంత తొందరగా విరియడం అప్పటిదాకా ఆ పన్నెండు వందల ఏళ్ళలో లేదు. పూలు చూసి మురిసిపోయినవాళ్ళు తేదీ వేశారు కాబట్టే ఇవాళ లోకానికి ఆ సంగతి తెలిసింది. చూడండి, ఎంత చిన్నపని. తేదీ వెయ్యడం.

మనకీ అలాంటివి లేకపోలేదు. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వస్తాయి. ఊరివాళ్ళు వాటిని ఆడపిల్లలు పుట్టింటికొచ్చినట్టు చూసుకుంటారు. మొదటి పక్షి ఏ రోజున దిగిందో ఆ ఊరి బడిపిల్లలు నోటుబుక్కులో రాస్తే చాలు. ముఖలింగంలో మధుకేశ్వరుడు ఇప్పచెట్టులో వెలిశాడని కథ. మీ ఊళ్ళో ఇప్పపూలు ఏ రోజున మొదట రాలాయో రాయండి. సరే, ఇలా చెప్పుకుంటూ పోతే నా టైము అయిపోతుంది. అసలు పని ఎలా చెయ్యాలో చెప్తాను.

ఒక్కటే పని. గీత గియ్యండి, తేదీ వెయ్యండి.

మీ ఊళ్ళో పాతది ఒకటి ఎంచుకోండి. అన్నీ వద్దు. ఒక్కటి. గుడి మెట్లు కావచ్చు, కోటగోడ కావచ్చు, నది ఒడ్డున మర్రిచెట్టు కావచ్చు, సముద్రం ఒడ్డున దీపస్తంభం కావచ్చు. ఒక చోట నిలబడండి. ఆ చోటు గుర్తుండాలి. ధ్వజస్తంభం నుంచి తూర్పుకి పది అడుగులు, అలాగ. అక్కణ్ణుంచి సెల్‌ఫోనుతో ఒక ఫొటో తియ్యండి. మళ్ళీ ఏడు అదే రోజున అదే చోట నిలబడి మళ్ళీ తియ్యండి. కనుమనాడు తీస్తానని పెట్టుకోండి. కనుమనాడు ఎలాగూ ఊళ్ళోనే ఉంటారు. కాకైనా కదలదంటారు కాబట్టి ప్రయాణాలూ ఉండవు.

ఫొటోలో మీరుండక్కర్లేదు. కొలత ఉండాలి. గోడలో బీట ఫొటో తీస్తుంటే పక్కన ఒక అగ్గిపెట్టె పెట్టండి. అగ్గిపెట్టె ఎంత ఉంటుందో అందరికీ తెలుసు. పెద్దదాని ఫొటో అయితే పక్కన సైకిలు పెట్టండి, చేతికర్ర పెట్టండి. ఆ కొలత లేకపోతే బీట వేలెడుందో జానెడుందో ఎవరికీ తెలీదు.

తరవాత కాగితం మీద రాయండి. ఫోను పోతుంది, నీళ్ళలో పడుతుంది, మనవడు ఆటలాడి చెరిపేస్తాడు. రెండు రూళ్ళ నోటుబుక్కులో తేదీ, చోటు, ఏం చూశారో నాలుగు మాటలు. ఆ పుస్తకం ఇంకో ప్రతి రాసి బళ్ళోనో గ్రంథాలయంలోనో ఇవ్వండి. రేపు ఏ విశ్వవిద్యాలయం నుంచో ఒక పరిశోధక విద్యార్థి మీ ఊరొస్తే, వాడికి మీరు పెట్టే కాఫీకన్నా ఆ పుస్తకం గొప్పది.

ఒక హెచ్చరిక. గీత గియ్యమన్నానని శాలిహుండం ఇటుకల మీద, ముఖలింగం రాళ్ళమీద మేకుతో గియ్యకండి బాబూ. ఇప్పటికే ప్రేమికులు తమ పేర్లతో ఆ పని చాలా చేశారు. అది నేరం కూడాను. పాత కట్టడాల విషయంలో మీ గీత నోటుబుక్కులో ఉండాలి. ఫొటో తియ్యనివ్వని గుళ్ళో అయితే చూసింది రాసుకుంటే చాలు.

ఇంకో సులువైన సంగతి. మీ ఇనప్పెట్టెలో పాత ఆల్బమ్ ఉంది కదా, బయటికి తియ్యండి. కార్తీకమాసంలో కళింగపట్నం వనభోజనాలకి వెళ్ళి తీయించుకున్న ఫొటో ఉంటుంది. మీరంతా వరసగా నిలబడి ఉంటారు. మీ వెనక దీపస్తంభం ఉంటుంది. మీకూ సముద్రానికీ మధ్య ఇసుక ఎంతుందో చూడండి. వెనకవైపు ఏడాది రాసి ఉందేమో చూడండి. లేకపోతే చంటిపిల్ల వయసుని బట్టి లెక్కకట్టండి. మీ బావమరిది ముఖం చూడ్డానికి దాచుకున్న ఫొటో, సముద్రం ముఖం కూడా దాచి ఉంచింది. స్కాట్లాండులో తీరం వెంబడి ఊళ్ళవాళ్ళు ఇలాగే సముద్రం కోస్తున్న పాత గోడల్ని ఫొటోలు తీసి పరిశోధకులకి పంపుతున్నారు. అక్కడ ఆర్క్‌నీ దీవుల్లో 1850లో ఒక తుపాను ఇసుక తొలిచేస్తే అయిదువేల ఏళ్ళనాటి ఊరే బయటపడింది. బయటపెట్టిన సముద్రమే ఇప్పుడు మింగుతానంటోంది. అందుకని వాళ్ళకి ఆ జాగ్రత్త. 2021 డిసెంబరులో యునెస్కో, ఐకోమోస్, ఐపీసీసీ అనే మూడు అంతర్జాతీయ సంస్థలు కలిసి, సంస్కృతి మీద వాతావరణం మార్పు ప్రభావం గురించి సమావేశం పెట్టుకున్నాయి. శాస్త్రజ్ఞులతో పాటు ఊరివాళ్ళకి తెలిసింది కూడా లెక్కలోకి రావాలని అక్కడా అనుకున్నారు. మనకి తెలిసింది లెక్కలోకి రావాలంటే, ముందు మనం లెక్క రాయాలి కదా.

ఇక మా ఇంటి కథ.

మావయ్య, ఆయన తమ్ముడు వాదించుకుని వెళ్ళాక నాకు నిద్రపట్టలేదు. కానీ ఆ పుట్టీ గీకడానికి నాకు ఏళ్ళు పట్టింది. అద్దంలాంటి గోడ పాడైపోతుందని ఇంట్లో ఒప్పుకోలేదు. పోయిన కనుమకి ఒక గరిటె తీసుకుని మొదలుపెట్టాను. మా మనవరాలు పక్కనే స్టూలు మీద కూచుంది. పైన గులాబి రంగు. దాని కింద తెల్లటి పుట్టీ. దాని కింద నీలం. నీలం కింద సున్నం పొరలు, ఉల్లిపాయలాగ. జానెడు వెడల్పు గీకాక మేకు గాటు తగిలింది. తడిగుడ్డతో తుడిచాను. తాత చేతిరాత. ఒక వంకర గీత, పక్కన 80. నేలనుంచి కొలిస్తే నాలుగడుగుల రెండంగుళాలు.

మరి తిత్లీ వరద ఎంతదాకా వచ్చింది? దానికి గీత లేదు. పక్కింటి కుర్రాడు ఆ రోజున ఫోనులో తీసిన ఫొటో ఒకటి దొరికింది. మా అరుగుమీద మా పాత సైకిలు, సగం చైనుకవరు దాకా నీళ్ళు. ఫొటోలో తేదీ ఉంది. సైకిలు ఇంకా మా పెరట్లోనే ఉంది, తుప్పు పట్టి. తెచ్చి అరుగుమీద నిలబెట్టి టేపుతో కొలిచాం. గడప ఎత్తు సరిచూసుకుంటే, మా ఇంటి వరకు ఎనభై వరదే పెద్దది. మావయ్య గెలిచాడు.

"అయితే వాతావరణం మారిందనేది అబద్ధమేనా?" అని ఆయన తమ్ముడు నన్ను నిలదీశాడు. కాదు చిన్న మావయ్యా, అన్నాను. రెండు గీతలతో ఏమీ తేలదు. పాలాయన లెక్కకి నెలకి రెండే గీతలుంటే తేలుతుందా? మధ్యలో వచ్చిన వరదలెన్ని, ఏ నెలలో వచ్చాయి, ఎన్ని రోజులు నిలిచాయి, అవన్నీ ఉంటే కదా. మనం ముప్ఫయ్యెనిమిదేళ్ళు పాలు తాగి గీతలు గియ్యడం మానేశాం.

ఈసారి తిత్లీ గీత కూడా గీశాను. పుట్టీ అందని చోట, రాతిస్తంభం మీద. మేకు మా మనవరాలు పట్టుకుంది, సుత్తి నేను. తరవాత తను వెళ్ళి తాత గీత కింద నిలబడింది. గీత తలకి జానెడు పైన ఉంది. కాసేపు పైకి చూసి, "తాతా, మరి అప్పుడు ఆవుదూడని ఏం చేశారు?" అంది.

నాకు తెలీదు. గోడ అవతల్నుంచి మావయ్య అరిచాడు. "అటకెక్కించినామే గుంటా! నిచ్చెనేసి, నలుగురం మోసి. రెండు రాత్రులు మాతోపాటే ఉన్నాది."

మనవరాలు నోటుబుక్కు తెరిచి, నాలిక బయటపెట్టి, జాగ్రత్తగా రాసింది. "1980. నీళ్ళు నాలుగడుగుల రెండంగుళాలు. దూడ అటకెక్కింది."